వీసీపీ రాత్రుల బుగులు: చిన్నపిల్లలకు ఏ సినిమా, ఎప్పుడు, ఎట్లా

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో 1980లు, 90ల్లో పెరిగినవాళ్లకు వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్) రాత్రి గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. టీవీ, వీసీపీ, మూడో నాలుగో క్యాసెట్లు ఒక రాత్రికి కిరాయికి వచ్చేవి. వాడంతా తలా ఇంత వేసుకునేది. వాకిట్లో చాపలు పరిచి, గడంచె మీద టీవీ పెట్టి, పొద్దుగూకినంక మొదలుపెడితే కోడి కూసేదాకా నడిచేది. క్యాసెట్ల వరుస కూడా దాదాపు ప్రతి వాడలో ఒకటే. ముందు దేవుడి సినిమా, ముసలోళ్లు చూసి పడుకునేందుకు. తర్వాత ఫైటింగుల సినిమా. అన్నింటికన్నా చివర, ఒంటిగంట దాటినంక, దయ్యం సినిమా. “పిల్లలు పండుకున్నరు గదా, ఇగ పెట్టుండ్రి” అనేవాళ్లు పెద్దలు. పిల్లలు పడుకునేవాళ్లు కాదు. దుప్పటి కప్పుకొని సందులోంచి ఒంటికన్నుతో చూసేవాళ్లు.

చిన్నపిల్లలకు బుగులు సినిమా, అంటే భయం సినిమా, ఎంచి పెట్టడం గురించి మాట్లాడాలంటే ఆ దుప్పటి సందు దగ్గరే మొదలుపెట్టాలి. చేయకూడనివన్నీ అక్కడ ఒక్కచోట దొరుకుతాయి. నిద్ర ఆపుకుంటున్న పిల్లవాడికి ఏది తెర మీదిదో, ఏది కలో తేడా తెలియదు. బొమ్మ సగమే కనబడుతుంది, మిగతా సగం మనసు అల్లుకుంటుంది, ఆ అల్లుకున్నది తెర మీది దయ్యం కన్నా ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. భయమేసి దుప్పటి పూర్తిగా కప్పుకుంటే కళ్లకు చీకటి, చెవులకు మాత్రం అదే మోత. నిద్రపోయినట్టు నటిస్తున్నాడు కాబట్టి పక్కనున్న అమ్మను “ఏమైతాంది?” అని అడగడానికీ లేదు. సినిమా అయిపోగానే లైట్లు ఆర్పి అందరూ అక్కడే పడుకుంటారు. ఆ సినిమాను అదే పిల్లవాడికి మధ్యాహ్నం మూడింటికి, అమ్మ ఒడిలో కూర్చోబెట్టి చూపిస్తే సగం భయం అక్కడే పోయేది.

రెండో సంగతి కరెంటు. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంటుంది, తెల్లచీర అంచు కనబడుతుంది, ఠక్కున అంతా చీకటి. కందిలి ముట్టించి గంట చూసి, రాకపోతే చాపలు చుట్టేసేవాళ్లు. పెద్దలకు అది సగం చూసిన సినిమా. పిల్లలకు అట్లా కాదు. ఆ దయ్యం ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. దాన్ని ఎవరూ చంపలేదు, ఎవరూ సీసాలో బంధించలేదు, తెల్లవారలేదు. అప్పటి పిల్లలను ఇప్పుడు కదిలిస్తే, పూర్తిగా చూసిన సినిమాల్లోని దయ్యాలకన్నా కరెంటు పోయిన దగ్గర ఆగిపోయిన దయ్యమే ఎక్కువ గుర్తుంటుంది.

పిల్లల భయం గురించి ఒక్క మాటే చెప్పమంటే చెప్పాల్సింది ఇదే: మొదలుపెట్టిన భయాన్ని పూర్తి చేయాలి. పిల్లవాడు ఏడుస్తున్నాడని టీవీ టక్కున బంద్ చేస్తే మనం చేసిన పని కరెంటు చేసిన పనే. సౌండ్ మొత్తం తగ్గించి, లైటు వేసి, ముందుకు జరిపి, దుష్టుడు ఓడిపోయే చివరి ఐదు నిమిషాలు చూపించి అప్పుడు ఆపాలి. తెర వైపు చూడనంటే నోటితో అయినా ముగింపు చెప్పాలి: వాడు ఓడిపోయిండు, పిల్ల ఇంటికి పోయింది, అమ్మ దొరికింది. ఈ కారణంతోనే, “ఇంకా ఉంది” అన్నట్టు చివర్లో దయ్యం కన్ను తెరిచే సినిమాలు పదేళ్లలోపు వాళ్లకు పనికిరావు. కథంతా ఎంత మెత్తగా ఉన్నా, ఆ చివరి పది సెకన్లు మొత్తం పాడు చేస్తాయి.

అప్పటి టాకీసుల్లో మంచి కూడా ఉండేది. విఠలాచార్య సినిమాల్లో దయ్యం వచ్చిందంటే నేల టికెట్టు నుంచి కుర్చీ దాకా ముందు కేక, వెంటనే నవ్వు. 1978 నాటి 'జగన్మోహిని'లో కట్టెలకు బదులు కాళ్లను పొయ్యిలో పెట్టుకుని వంట చేసే దయ్యాన్ని చూసి జడుసుకున్న పిల్లలు కూడా తెల్లారి అరుగు మీద కాళ్లు చాపుకొని అదే ఆట ఆడేవాళ్లు. బుగులు, నవ్వు పక్కపక్కనే ఉండేవి. మధ్యలో పాట. ఆ తర్వాత ఇంటర్వెల్, పల్లీలు, గోలీసోడా. ఎంత బిగిసిన ప్రాణమైనా కాసేపటికి ఒకసారి వదులయ్యేది. కూర్చునేది నాయినమ్మకు, మేనత్తకు నడుమ, తల దాచుకోవడానికి కొంగు చేతికందే దూరంలో. ఇప్పటి ఫోనులో ఆ పాట లేదు, ఇంటర్వెల్ లేదు, కొంగు లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఒంటరిగా చూసే పిల్లకు ఆ గొంతు తెర నుంచి కాదు, తన తల లోపలి నుంచి వస్తున్నట్టుంటుంది. చిన్నపిల్లలు భయం సినిమాను ఇయర్‌ఫోన్లతో చూడనేకూడదు.

చేర్యాల పటం కథల్లో ఇంకా మంచి పద్ధతి ఉంది. చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన బట్ట మీద బొమ్మలు గీసి, కథ చెబుతూ ఒక్కో గడి విప్పుకుంటూ పోతారు. రాక్షసుడి బొమ్మ కదలదు. పిల్లవాడు దాన్ని ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడొచ్చు, కోరలు లెక్కపెట్టుకోవచ్చు, తల తిప్పుకొని మళ్లీ చూడొచ్చు. సినిమాకు ముందు మనం చేయాల్సింది కూడా ఇదే. అందులో భయపెట్టే రూపం ఉంటే దాని బొమ్మ ఒకటి ముందే పగటిపూట చూపించాలి. “వీని పేరు ఘటోత్కచుడు, కోరలుంటయి, గట్టిగ అరుస్తడు, కానీ మనోడే” అని చెప్పాలి. “ఇప్పుడు బుగులైతది సూడు” అని ఊరించడం మాత్రం వద్దు. ఏం రాబోతుందో చెప్పకుండా ఏదో రాబోతుందని చెబితే భయం పెరుగుతుంది. ఏం వస్తుందో, దాని తర్వాత ఏమవుతుందో రెండూ చెబితే తగ్గుతుంది.

ఇక వయసులు. నాలుగేళ్ల లోపు వాళ్లకు భయం సినిమా ఏదీ వద్దు, ఎంత చిన్నదైనా. ఆ వయసులో భయం కథలో ఉండదు, రూపంలో ఉంటుంది. వికారమైన మొహం ఉన్న మంచివాడిని చూసి ఏడుస్తారు, అందమైన మొహం ఉన్న దుర్మార్గుడిని చూసి నవ్వుతారు. అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టేది కళ్లముందే మారిపోయే మొహం. పీర్ల పండుగకు పులివేషం కట్టిన మనిషిని చూసి పిల్లలు గుక్కపట్టి ఏడవడం మన దగ్గర అందరికీ తెలుసు. అదే మనిషికి పసుపు రంగు పూసేటప్పుడు, చారలు గీసేటప్పుడు, తోక కట్టేటప్పుడు మొదటి నుంచీ పక్కన కూర్చున్న పిల్లకు అంత భయం ఉండదు. వేషం వెనకాల మనిషి ఉన్నాడని నోటితో చెబితే చాలదు, వేషం పడుతుండగా చూడాలి. చేర్యాల కొబ్బరిచిప్ప ముఖోటా ఇంట్లో ఉంటే ముందు దాన్ని పిల్ల చేతికివ్వండి, వెనక్కి తిప్పి చూడనివ్వండి, తర్వాత ఆమె కళ్లముందే పెట్టుకొని తీయండి.

ఐదు నుంచి ఏడేళ్ల మధ్య “అది ఉత్తదే” అని నోటితో అంటారు, రాత్రి మాత్రం నమ్మరు. అందుకే ఆ వయసులో “దయ్యాల్లేవురా” అనే వాదం పనిచేయదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, మంచినీళ్లు తాగించడం, చేతిలో తినేది ఏదైనా పెట్టడం, ఇష్టమైన బొమ్మను పట్టుకోనివ్వడం పనిచేస్తాయి. ఎనిమిది దాటినంక లెక్క మారుతుంది. అది మేకప్పు, ఇది కెమెరా పని అని వివరిస్తే అర్థం చేసుకుంటారు. కానీ అప్పుడే కొత్త భయం మొదలవుతుంది: నిజంగా జరగగలిగేవి. దొంగలు ఇంట్లో దూరడం, పిల్లల్ని ఎత్తుకుపోవడం, ఇల్లు కాలడం, అమ్మానాన్నలు చనిపోవడం. చాలా ఇళ్లల్లో జరిగే పొరపాటు ఇక్కడే. దయ్యం సినిమా వద్దని చెప్పి, పిల్లను ఎత్తుకుపోయే క్రైమ్ సినిమాను పక్కన కూర్చోబెట్టుకొని చూస్తారు, “ఇండ్ల దయ్యం లేదు గదా” అని. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ రెండోదే ఎక్కువ నిద్ర చెడగొడుతుంది.

సినిమాలకు వద్దాం. ఐదేళ్ల పిల్లకు మొట్టమొదటి బుగులు కావాలంటే 1957 నాటి 'మాయాబజార్'ను మించింది ఇప్పటికీ కనబడదు. మూడు గంటలు దాటుతుంది కాబట్టి ఒక్కరోజులో పెట్టొద్దు, మూడు ముక్కలు చేసుకోండి. అడవిలో సుభద్ర, అభిమన్యుల దారికి అడ్డొచ్చే ఘటోత్కచుడి అరుపులు, పోరు నిజంగానే జడిపిస్తాయి. కానీ కొద్దిసేపటికే వాళ్లు తనవాళ్లని తెలిసి అంత పెద్ద ఆకారం తల వంచుతుంది. భయపెట్టినవాడు అన్న అయిపోతాడు. చిన్నపిల్లకు ఇవ్వాల్సిన భయానికి సరైన కొలత అది: ఒక కేక, కొన్ని నిమిషాలు, వెంటనే చుట్టరికం. ఆ తర్వాత 'వివాహ భోజనంబు' వచ్చేసరికి అదే రాక్షసుడు పిల్లలకు చుట్టమైపోతాడు.

1951 నాటి 'పాతాళ భైరవి' కొంచెం ఆగి, ఏడెనిమిదేళ్లకు. నేపాళ మాంత్రికుడు తోటరాముడిని బలివ్వాలని చూడటం ఒక ఎత్తు, చచ్చిన మాంత్రికుడు సంజీవినితో మళ్లీ లేవడం ఇంకో ఎత్తు. ఆరేళ్ల పిల్లకు ఆ రెండోదే ఇబ్బంది. దుష్టుడు చచ్చాడని ఊపిరి పీల్చుకున్నాక మళ్లీ లేస్తే, ఇక ఏ ముగింపునూ నమ్మదు. చూపిస్తే “వాడు మళ్లా లేస్తడు, కానీ చివరికి ఓడిపోతడు” అని ముందే చెప్పేయండి. 1994 నాటి 'భైరవద్వీపం'లో బలి కన్నా హీరో వికారంగా మారిపోయే రూపమే చిన్నవాళ్లను పట్టుకుంటుంది. మొహం మారడం గురించి పైన చెప్పిన సంగతే. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు ఫరవాలేదు, ఎగిరే గుర్రం కోసమైనా చూస్తారు. మన దేశపు మొదటి త్రీడీ సినిమా 1984లో మలయాళంలో వచ్చింది. తెలుగులో 'చిన్నారి చేతన'గా చూసిన ఆ సినిమాలో మాంత్రికుడి చెర నుంచి కుట్టి దయ్యాన్ని విడిపించేది పిల్లలే. దయ్యం కూడా పిల్లవాడే అయితే భయం సగం స్నేహమవుతుంది. త్రీడీ ఏదైనా ఒక జాగ్రత్త: వస్తువులు మొహం మీదికి వస్తున్నప్పుడు ఆరేళ్లలోపు వాళ్లు బెదురుతారు. కళ్లద్దాలు తీసేస్తే బొమ్మ మసక అవుతుంది, మీదికి రాదు. ఆ సంగతి సినిమా మొదలయ్యే ముందే నేర్పండి.

హిందీ అర్థమయ్యే పిల్లలు మన వరంగల్ ఇళ్లల్లో తక్కువేం కాదు. వాళ్లకు 2002 నాటి 'మక్డీ' చాలా మంచి ఎంపిక, ఎనిమిదేళ్ల నుంచి. పాడుబడ్డ హవేలీలో మంత్రగత్తె, లోపలికి పోయినవాళ్లు జంతువులై బయటికి వస్తారనే పుకారు, కోడిగా మారిందనుకున్న చెల్లెలు. చివరికి ఆ మంత్రగత్తె నిధి కోసం వేషం కట్టిన మోసగత్తె అని తేలుతుంది. అక్కచెల్లెళ్లుగా రెండు పాత్రలూ వేసిన ఆ అమ్మాయే తర్వాత 2008లో 'కొత్త బంగారు లోకం' హీరోయిన్ అని చెబితే పిల్లలు ఇంకా కుతూహలంగా చూస్తారు. తెర మీద బెదిరిన పిల్ల పెద్దయి బాగుందని తెలియడం కూడా ధైర్యమే.

బొమ్మల సినిమాల్లో జపాన్ నుంచి 1988లో వచ్చిన 'మై నైబర్ టొటోరో' గంటన్నర కూడా ఉండదు. ఐదేళ్ల వాళ్లకు సరిపోతుంది. పాత ఇంట్లో మసి ముద్దల్లాంటి చిన్న చిన్న జీవాలు, వాన చీకట్లో బస్టాపు దగ్గర పెద్ద ఆకారం, ఏవీ హాని చేయవు. ఒక్క జాగ్రత్త, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే అప్పుడు వద్దు. అందులో తల్లి ఆసుపత్రిలో ఉంటుంది. 2001 నాటి 'మాన్‌స్టర్స్ ఇంక్' కూడా ఈ వయసుదే. పిల్లల్ని భయపెట్టే భూతాలే పిల్లకు భయపడతాయి. కాకపోతే భూతాలు అల్మారా తలుపులోంచి వస్తాయి కాబట్టి ఆ రాత్రి కొందరు పిల్లలు ఇంట్లో అల్మారా వైపు చూస్తూ పడుకుంటారు. సినిమా అయిపోగానే పగలే అల్మారా తెరిచి, బట్టలు తీసి, పిల్లతోనే మళ్లీ సర్దించండి. పది నిమిషాల పని.

2017 నాటి 'కోకో' మన ఇళ్లకు బాగా దగ్గర. ఎముకల గూళ్లను చూసి ముందు జంకుతారు, కానీ కథ పెత్రమాస కథే. పోయినవాళ్లను తలుచుకునే రోజు, వాళ్ల ఫొటో పెట్టి, వాళ్లకు ఇష్టమైనవి పెట్టడం. పెత్రమాసకు బియ్యం ఇచ్చేటప్పుడు తాత పేరు ఎందుకు చెబుతారో అడిగే వయసు పిల్లకు, అంటే ఏడేళ్లకు, ఇది చూపించొచ్చు. విషం పెట్టి చంపిన సంగతి ఒకటి వస్తుంది, అక్కడ పక్కనుండాలి. 'టొటోరో' తీసిన జపాన్ దర్శకుడి 2001 నాటి 'స్పిరిటెడ్ అవే'లో మొదట్లోనే తల్లిదండ్రులు పందులైపోతారు. ఎనిమిదేళ్లకు ముందు అది చాలా బరువు. 2009 నాటి 'కొరలైన్'లో అచ్చం అమ్మలాంటి మనిషి, కళ్ల చోట గుండీలు. బొమ్మల సినిమా అని ఐదేళ్ల పిల్లకు పెట్టి తర్వాత బాధపడే సినిమా ఇదే. అమ్మ మొహం అమ్మది కాకపోవడం కన్నా పెద్ద భయం చిన్నపిల్లకు లేదు. పదేళ్లు దాటాలి. 1993 నాటి 'జురాసిక్ పార్క్' కూడా పదేళ్లకే. పెద్ద రాక్షసబల్లి కనబడేసరికి దాదాపు గంటవుతుంది, కానీ అంతకన్నా భయపెట్టేది చివర వంటగదిలో ఇద్దరు పిల్లలు దాక్కునే ఘట్టం. మన ఇంట్లో కూడా వంటగది ఉంటుంది కదా.

వద్దనాల్సినవి కూడా పేరు పెట్టి చెప్పాలి. 2009 నాటి 'అరుంధతి'లో ఆ “బొమ్మాళీ” అనే మాట పిల్లల నోళ్లలో ఆటమాట అయిపోయింది కాబట్టి సినిమా కూడా పిల్లలదే అనుకుంటారు. కాదు. అందులో ఆడవాళ్ల మీద జరిగే హింస పదమూడు, పద్నాలుగేళ్లలోపు వాళ్లకు ఏ విధంగానూ తగదు. 1995 నాటి 'అమ్మోరు'ను భక్తి సినిమా అని చంకలో పిల్లల్ని వేసుకొని పోయిన ఇళ్లు వరంగల్ జిల్లాలో ఎన్నో. దేవత వచ్చి కాపాడుతుంది, నిజమే, కానీ దానికి ముందు తాంత్రికుడు చేసేదంతా పదేళ్లలోపు పిల్ల చూడాల్సింది కాదు. 1992 నాటి 'రాత్రి' పెద్దలకు గొప్ప సినిమా. దాని భయం మొత్తం మామూలు ఇంట్లో, మామూలు శబ్దాల్లో ఉంది. అందుకే పిల్లలకు అస్సలు వద్దు. కోట, గుహ, పాతాళం ఎంత భయంకరంగా ఉన్నా దూరం. మన ఇంటిలాంటి ఇల్లు, మంచం, బాత్రూం, అద్దం దగ్గర.

చేతబడి, బాణామతి సినిమాల గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఉత్తర తెలంగాణలో సినిమాతో అయిపోయే సంగతి కాదు. బాణామతి చేస్తున్నారనే అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి. నిమ్మకాయ, కుంకుమ, బొమ్మకు గుచ్చిన సూది, ఇవన్నీ నిజంగా పనిచేస్తాయని చూపించే సినిమా చూసిన పదేళ్ల పిల్లవాడు తెల్లారి వాడ చివర ఒంటరిగా ఉండే ముసలమ్మను ఇంకో కంటితో చూస్తాడు. నేపాళ మాంత్రికుడి గురించి ఆ బాధ లేదు, అట్లాంటి మనిషి ఏ వాడలోనూ ఉండడు. మన పల్లె, మన యాస, మన గూనపెంకుల ఇల్లు ఉన్న చేతబడి సినిమా పదిహేను, పదహారేళ్లదాకా ఆగాలి. అప్పుడు కూడా పక్కన కూర్చొని, ఆ నమ్మకం వల్ల ఎవరికి ఏం జరిగిందో చెప్పగలగాలి.

సెన్సార్ సర్టిఫికెట్ మీద పూర్తిగా ఆధారపడొద్దు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక యూఏలో, అంటే పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన సినిమాల్లో, 7, 13, 16 ఏళ్లకు వేరువేరు గుర్తులు వచ్చాయి, అది మంచిదే. కానీ పాత సినిమాలకు ఆ విడదీత లేదు. యు అంటే అందరూ చూడొచ్చని అర్థం, ఎవరూ జడవరని కాదు. ఫోన్లో, టీవీలో వచ్చే ఓటీటీల్లో పిల్లల ప్రొఫైల్ ఒకటి చేసి వయసు పెట్టాలి. అక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది: పెద్దల ప్రొఫైల్‌కు కూడా పిన్ పెట్టాలి. లేకపోతే పిల్లవాడు తన ప్రొఫైల్ వదిలి నాన్నది తెరుస్తాడు. సినిమా అయిపోగానే దానంతటదే ఇంకోటి మొదలయ్యే ఆటోప్లేను బంద్ చేయాలి. 'మాయాబజార్' అయిపోయి, ఎవరూ లేని గదిలో దయ్యం ట్రైలర్ మొదలైతే చేసిన జాగ్రత్తంతా వృథా.

పిల్లకు పెట్టేముందు మనం చూడాలి. అంతా కూర్చొని చూసే తీరిక లేకపోతే 40 నిమిషాలు చాలు. మొదటి పావుగంట, భయపెట్టేది మొదటిసారి కనబడే చోటు, చివరి 20 నిమిషాలు. వేగం పెంచి, సౌండ్ తీసేసి చూడొద్దు, సినిమా భయంలో పెద్ద భాగం చెవిదే. ఒకే ఘట్టాన్ని ఒకసారి సౌండ్‌తో, ఒకసారి సౌండ్ లేకుండా చూస్తే ఇది మీకే తెలుస్తుంది. చూస్తున్నప్పుడు అడగాల్సినవి: ఆపద ఎవరికి, పిల్లకా, అమ్మకా, రాజుకా? ఎక్కడ, మన ఇంట్లోనా, పాతాళంలోనా? మొహం మారుతుందా? భయం తర్వాత ఎంతసేపట్లో నవ్వో పాటో వస్తుంది? చివరికి ఓడిపోవాల్సినవాడు ఓడిపోయాడా?

పెట్టేరోజు పొద్దున పది, పదకొండు గంటలకు, లేదా మూడింటికి మొదలుపెట్టండి. సినిమా అయిపోవడానికి, పడుకోవడానికి మధ్య కనీసం మూడు గంటలు, ఆ మధ్యలో బయట ఆట, అన్నం, ఇంకేదైనా మాట ఉండాలి. గదిలో లైటు వేసే ఉంచండి. సౌండ్‌ను మాటలు వినబడే దగ్గర పెట్టి అక్కణ్నుంచి రెండు మూడు గీతలు తగ్గించండి, ఎందుకంటే ఈ సినిమాల్లో మాటలు మెల్లగా ఉండి, భయం దగ్గర ఒక్కసారిగా పెరుగుతుంది. సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ ఉంటే పెట్టండి, ఆ తేడా తగ్గుతుంది. బేస్ డబ్బాను తీసేయండి, నేల అదిరితే పిల్ల అదురుతుంది. 45 నిమిషాలకు ఇంటర్వెల్ ఇవ్వండి. మక్కప్యాలాలు ఇంటర్వెల్‌కు ముందే చేతికివ్వండి, చేతులకు పని ఉంటే మేలు. పిల్ల కళ్లు మూసుకుంటే సౌండ్ కూడా తగ్గించండి, లేకపోతే అది మళ్లీ ఆ దుప్పటి సందే. రిమోటు పిల్ల చేతిలో ఉంచి, “నీకు వద్దనిపిస్తే ఆపు” అని చెప్పండి. తన చేతిలో ఉందని తెలిసిన పిల్ల తొందరగా ఆపదు. మొదటి బుగులు సినిమాకు టాకీసు వద్దు. అక్కడ చీకటి, పెద్ద మోత, ఆపే వీలు లేదు. తీసుకుపోతే నడవ పక్క సీటు తీసుకోండి.

దసరా సెలవులకు అమ్మమ్మ ఇంట్లో నాలుగేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా డజను మంది చేరితే ఏం పెట్టాలనేది పెద్ద పంచాయితీ. సినిమా ఎంచేది పెద్దవాడు, ఏడ్చేది చిన్నది. ఆ హాల్లో ఉన్న అందరికన్నా చిన్న పిల్లను బట్టే సినిమా ఉండాలి. పెద్దవాళ్లకు వేరేది కావాలంటే చిన్నవాళ్లను బతుకమ్మ పూలకో, చెరువుకో పంపాక పెట్టుకోనివ్వండి. పక్క గదిలో పడుకోబెడితే సరిపోదు, గోడ శబ్దాన్ని ఆపదు. “భయపడితే పిరికోడివి” అనే మాట పదేళ్ల వాళ్ల మధ్య తిరుగుతుంటే పెద్దవాళ్లు అక్కడ కూర్చోవాలి. ఆ మాటకు జంకి కూర్చున్న పిల్ల సినిమా అంతా చూస్తుంది, రాత్రి ఒక్కతే ఏడుస్తుంది.

సినిమా తర్వాత దాన్ని బెదిరింపుకు వాడుకోవద్దు. “తినకుంటే వాడొస్తడు” అని ఒక్కసారి అంటే తెర మీద ఓడిపోయినవాడిని మనమే ఇంట్లోకి పిలిచినట్టు. ఒకటి రెండు రాత్రులు బాత్రూంకు తోడు రమ్మనడం, మధ్యలో వచ్చి పడుకోవడం, అడిగిందే అడగడం మామూలే. పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే జవాబు చెప్పాలి. అప్పట్లో జడుసుకున్న పిల్లకు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసేవాళ్లు, దర్గాకు తీసుకుపోయి ఊదించేవాళ్లు. అందులో పిల్లకు అందింది తల మీద ఒక చెయ్యి, తన భయాన్ని ఇంట్లో అందరూ నిజంగా పట్టించుకున్నారనే ఊరట. ఆ రెండూ ఇప్పుడూ ఇవ్వొచ్చు. రెండు మూడు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే, బడికి పోనంటే పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

ఎనిమిదేళ్లు దాటినవాళ్లతో తెల్లారి ఇంకో పని చేయొచ్చు. చీకటి గదిలో టార్చిలైటు గదవ కింద పెట్టి మొహం చూపించండి, తర్వాత అదే లైటు తల మీది నుంచి వేయండి. కింది నుంచి వేస్తే దయ్యం, పై నుంచి వేస్తే నాన్న. ఆ టార్చి వాళ్ల చేతికిచ్చి మిమ్మల్ని భయపెట్టమనండి. చిన్నవాళ్లయితే బొమ్మ గీయమనండి. దయ్యాన్ని గీసినంక పక్కన దాన్ని ఓడించినవాళ్లను కూడా గీయమని అడగండి, ఏ పిల్లా కాదనదు.

కొన్నాళ్లకు పిల్లే వచ్చి మళ్లీ అదే సినిమా పెట్టమంటుంది. పెట్టండి. ఈసారి తెర ముందు కాదు, మీ ముందు కూర్చుంటుంది. అడవి రాగానే వెనక్కి తిరిగి, మీ మొహం చూస్తూ, “ఇగ ఇప్పుడొస్తడు సూడు, నువ్వు బుగులు పడకు” అంటుంది.